చదివింపుల పుస్తకంలో ఎక్కని బాకీ

మా నాన్న దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది, ఎర్ర అట్టది, ఇప్పటికీ మా బీరువాలో ఉంది. 1993లో మా అక్క పెళ్ళికి చదివింపులు రాసిన పుస్తకం అది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా, చేతిరాత బావుంటుందని నన్నే పందిట్లో ఒక మూల టేబులేసి కూచోబెట్టారు, పక్కన మా చిన్నాన్న డబ్బులు లెక్కపెట్టడం నేను రాయడం. ఫలానా వారు నూట పదహార్లు, ఫలానా వారు యాభై ఒకటి, ఫలానా వారు స్టీలు బిందె, ఫలానా వారు గోడ గడియారం (గడియారాలు మొత్తం ఏడొచ్చాయి, అన్నిటి మీదా ఏదో ఒక వాక్యం ప్రింటు చేసి ఉంది). క్రైస్తవుల పెళ్ళే అయినా నూట పదహార్లే, ఆ పదహారు ఎందుకో మాలో ఎవరూ అడగరు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు మా ఇంటికి ఏ శుభలేఖ వచ్చినా నాన్న ముందు ఆ పుస్తకం తీసేవాడు. వాళ్ళు మనకి నూట పదహార్లు చదివించారు, అప్పటికీ ఇప్పటికీ రేట్లు మారాయి, మూడొందల పదహార్లు పెడదాం అనేవాడు. బిందె ఇచ్చినవాళ్ళకి బిందె. ఏమీ చదివించకుండా భోంచేసి వెళ్ళినవాళ్ళ పేర్లు పుస్తకంలో ఉండవు గానీ నాన్న బుర్రలో ఉండేవి. నేను దీన్ని తప్పుపట్టట్లేదు, బ్యాంకు గడప ఎక్కలేని మనుషులకి అదే బ్యాంకు, ఆడపిల్ల పెళ్ళికి ఊరంతా కలిసి వేసిన చందా, వంతులవారీగా తిరిగొస్తుంది. పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపని ఇళ్ళు మనవి. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతాం.

నా గొడవల్లా ఏంటంటే, దేవుడి కృపని కూడా మనం ఆ పుస్తకంలోనే రాసుకున్నాం. కృప అంటే ఏంటో సండేస్కూల్ పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు, ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం ఎనిమిదో వచనం కంఠతా, "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే". అర్హత లేనివాడికి దొరికిన దయ. నోటికి వచ్చు. కానీ మన ప్రార్థనలు వినండి. ప్రభువా ఉద్యోగం వస్తే మొదటి జీతం నీకే. బాబు పుడితే నీ సేవకే. ఇల్లు కడితే మొదటి ప్రార్థన కూడిక నీదే. ఆరాధనలో లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు వినండి, మూడు రోజులు ఉపవాసం ఉన్నాను దేవుడు వీసా ఇచ్చాడు, ఉన్నదంతా కానుకేశాను దేవుడు ఫ్లాట్ ఇచ్చాడు. టీవీలో అయితే సరేసరి, విత్తనం వెయ్యండి వందరెట్లు కోస్తారు అని కింద ఫోన్‌పే నంబర్ తిరుగుతూ ఉంటుంది. ఇదంతా చదివింపుల పుస్తకమే కదా. ఆయన ఇంత చదివించాడు, మనం ఇంత చదివించాలి. లేదా మనం ముందు చదివించాం, ఇంక ఆయన వంతు.

ఇది అవతలివాళ్ళ గురించి రాస్తున్నానని అనుకోకండి. అందుకే నా సంగతి చెప్పాలి, పదేళ్ళ పైనుంచి చెప్పాలా వద్దా అని ఆగుతూ వచ్చిన సంగతి.

2014లో నేను హైదరాబాద్‌లో మేం వెళ్ళే సంఘానికి ట్రెజరర్ని. ఏ సంఘం అన్నది అనవసరం. మందిర నిర్మాణ నిధికి ఆదివారం వచ్చిన క్యాష్ నా దగ్గరుంటుంది, సోమవారం బ్యాంకులో కట్టాలి. ఆ సంవత్సరం కొన్ని వారాల డబ్బు నేను కట్టలేదు. మొత్తం 62,000. పిల్లాడి ఆపరేషన్‌కి వాడానని చెప్పగలిగితే ఎంత బావుండేదో, కానీ కాదు, ఊరి శివార్లో ఒక ప్లాట్‌కి అడ్వాన్సు కట్టడానికి గడువు మీదికొచ్చింది, నాకొక చీటీ ఉంది, ఆ నెల పాడుకుని మళ్ళీ పెట్టేద్దాం అనుకున్నా. ఆ నెల పాట నా అందనంత లోతుకి పోయింది, వచ్చే నెల అనుకున్నా, ఆ వచ్చే నెలా అంతే. రసీదు పుస్తకంలో డబ్బు ఉంది, పాస్‌బుక్‌లో లేదు. దాన్ని దొంగతనం అనడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు, "సర్దుబాటు" అనేవాణ్ణి నాలో నేను.

జనరల్ బాడీ మీటింగ్ ముందు లెక్కలు చూడమని మా సంఘపెద్ద ఒకాయనకి అప్పగించారు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, మేమంతా అంకుల్ అనే పిలిచేవాళ్ళం. పుస్తకాలు తీసుకెళ్ళి వారం తర్వాత ఒక గురువారం సాయంత్రం మా ఇంటికొచ్చారు. టీ తాగారు. మా ఆవిడ లోపలికెళ్ళాక పాస్‌బుక్ తీసి టీపాయ్ మీద పెట్టారు, రెండ్రోజుల ముందు తేదీతో 62,000 క్యాష్ డిపాజిట్. నేను కట్టలేదు. ఆయన కట్టారు.

"లెక్క సరిపోయిందయ్యా, చదివెయ్" అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఇంకో రెండు మాటలు. "ట్రెజరర్ పని మాత్రం ఇంక నువ్వు చెయ్యొద్దు. పాస్టర్ గారికి నువ్వే చెప్పు, నేను చెప్పను." అంతే, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడ నేను ఏడ్చాను, దేవుణ్ణి స్తుతించాను అని రాస్తే అది సాక్ష్యం అవుతుంది. నిజం ఏంటంటే నాకు కోపమొచ్చింది. ఆయన మీదే. నన్ను తిట్టుంటే బావుండేది, కమిటీలో పెట్టుంటే ఏదో ఒకటి సమాధానం చెప్పుకునేవాణ్ణి, నెలకి ఐదువేలు కట్టమని ఉంటే హాయిగా కట్టేవాణ్ణి. ఏమీ అడక్కుండా ఇచ్చి పోయాడు, ఇప్పుడు నేను ఈ మనిషి మొహం ఎలా చూడాలి. తర్వాతి ఆదివారం నుంచి వేరే వైపు బెంచీలో కూచోవడం మొదలెట్టా. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచడం, ఉన్నప్పుడు పళ్ళెం పట్టుకుని మా వరసకి వచ్చేది ఆయనే, అందుకని ఆ రోజుల్లో ఏదో ఒక పని పెట్టుకుని ఊరెళ్ళేవాణ్ణి. పాస్టర్ గారికి చెప్పడానికి ఐదు నెలలు పట్టింది. ఇంకోవైపు ఆయనకి చాకిరీ మొదలెట్టా, కరెంటు బిల్లు నేను కడతా అంకుల్, గ్యాస్ నేను తెస్తా అంకుల్, బండి మీద దింపుతా అంకుల్. అదంతా కృతజ్ఞత అనే అనుకున్నా. ఇప్పుడు వెనక్కి చూస్తే అది కిస్తీ కట్టడం. నెలకింత చొప్పున ఆ ఇచ్చిందాన్ని అప్పు కింద మార్చేసుకుంటే అప్పుడు నేనూ ఆయనా సమానం అయిపోతాం, నేను మళ్ళీ తలెత్తుకోవచ్చు. అప్పు మనిషిని కుంగదీస్తుందంటారు గానీ ఊరికే ఇచ్చింది అంతకంటే ఎక్కువ కుంగదీస్తుంది, అప్పులో కనీసం మన పరువు మనకుంటుంది.

ఎందుకిలా అని చాలా ఆలోచించా. మనిషి గర్వం అని ఒక్కమాటలో తేల్చెయ్యొచ్చు, ప్రసంగాల్లో అలాగే తేలుస్తారు. కానీ మావాళ్ళ విషయంలో ఇంకో కారణం కూడా ఉందనిపిస్తుంది. నేను ఒంగోలు దగ్గర పల్లెలో మాదిగ గూడెంలో పుట్టినవాణ్ణి. మా ముత్తాతల కాలంలో ఆసామి ఇచ్చింది ఏదీ ఊరికే ఇచ్చింది కాదు. చెప్పులు కుట్టాలి, నీళ్ళు తోడే తోలు బొక్కెన కుట్టాలి, చచ్చిన గొడ్డుని ఎత్తాలి, ఏడాదంతా చేస్తే కళ్ళంలో మేర, మా వంతు గింజలు, కొలుస్తారు. పండక్కి పాత పంచె ఒకటి ఇస్తే దానికి బదులుగా ఎన్ని రోజులు వెట్టి చెయ్యాలో ఎవరూ చెప్పరు, లెక్క వాళ్ళ దగ్గరే ఉంటుంది, అది ఎప్పటికీ తీరదు. అలాంటి ఊళ్ళో పెరిగిన వంశానికి "ఉచితం" అనే మాట వినగానే ముందు పుట్టేది సంతోషం కాదు, అనుమానం. దీని వెనక ఏముంది? రేపు ఏం అడుగుతాడు?

దానికి తోడు ఇంకో దెబ్బ. మీరెందుకు మారారో మాకు తెలుసులే, పాలపొడి కోసం, గోధుమ రవ్వ కోసం. ఈ మాట వినకుండా పెరిగిన తెలుగు క్రైస్తవుడు నాకు తెలిసి లేడు, స్కూల్లో నేనూ విన్నా. దానికి చరిత్రలోంచి ఒక సంగతి చెప్తా. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువొచ్చింది, మద్రాసు ప్రెసిడెన్సీ చాలావరకు మాడిపోయింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మావాళ్ళు క్లౌ దొర అంటారు, బకింగ్‌హామ్ కాలవలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని పెట్టించి కూలి ఇప్పించాడు. ఆ కరువు నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వస్తున్నారేమో అని. జనం అడుగుతున్నా ఇవ్వలేదు. కరువు పని అంతా అయిపోయాక, ఇంక నా దగ్గర ఇవ్వడానికేం లేదని చెప్పాక కూడా జనం వచ్చారు, అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మావాళ్ళు ఈ అంకె చెప్పుకుని గర్వపడతారు, నేనూ పడతా.

కానీ ఈమధ్య నాకు ఆ కథలో వేరే చోట ముల్లు గుచ్చుకుంటోంది. క్లౌ దొర జాగ్రత్త నాకు అర్థమవుతుంది, ఆయన స్థానంలో ఉంటే ఎవరైనా అదే చేస్తారేమో. అయినా ఒక మాట, ఆకలితో వచ్చినవాడి రాక ఎందుకు తక్కువ రాక అయింది? తప్పిపోయిన కుమారుడు, ఆస్తిలో వాటా పట్టుకుపోయి తగలేసుకున్నవాడు, ఎందుకు ఇంటికొచ్చాడో లూకా 15లో స్పష్టంగా ఉంది, నాన్న మీద బెంగతో కాదు. మా నాన్న దగ్గర కూలివాళ్ళకి కూడా కడుపునిండా తిండి ఉంది, నేనిక్కడ ఆకలికి చస్తున్నా, ఇదీ వాడు అనుకున్నది. అచ్చంగా గోధుమ రవ్వ కోసం వచ్చాడు వాడు. తండ్రి ఏమైనా అడిగాడా, నాకోసం వచ్చావా తిండికోసం వచ్చావా అని? దూరంగా ఉండగానే పరిగెత్తాడు. పాలపొడి కోసం మారారు అని మనల్ని ఎత్తిపొడిచినప్పుడల్లా మనం లేదు లేదు మేం సత్యం తెలుసుకుని వచ్చాం అని మీసం తిప్పుతాం, సత్యం తెలుసుకునే వచ్చినవాళ్ళు బోలెడుమంది, కాదన్ను. కానీ ఆకలితో వచ్చిన మా ముత్తవ్వ ఎవరైనా ఉంటే ఆమె గురించి నేనెందుకు సిగ్గుపడాలి? కృప గురించి ఆమెకి నాకంటే బాగా తెలిసి ఉంటుంది.

ఆ కథలోనే ఇంకోటి చూడండి. వాడు దారిలో ఒక స్పీచ్ తయారుచేసుకుంటాడు. నేను నీ కొడుకుని అనిపించుకోడానికి తగను, నన్ను నీ కూలివారిలో ఒకడిగా పెట్టుకో. ఈ రెండో ముక్క ఉందే, అదే నేను అంకుల్ ఇంటికి గ్యాస్ బండ మోసినప్పుడు చేసింది. కొడుకుగా వద్దులే, కూలీగా పెట్టుకో, చేసినదానికి ఇస్తే చాలు, లెక్క లెక్కగా ఉంటుంది. తీరా తండ్రి ఎదురొచ్చాక వాడు మొదటి ముక్క చెప్తాడు, రెండో ముక్క నోట్లోనే ఉండిపోతుంది, అప్పటికే తండ్రి బట్టలు తెమ్మంటున్నాడు ఉంగరం తెమ్మంటున్నాడు. వాడి అన్న, పెద్దోడేమో ఇంటి బయటే నిలబడి ఇన్నేళ్ళ నుంచి నీకు చాకిరీ చేస్తున్నా ఒక మేకపిల్లయినా ఇచ్చావా అంటాడు. వీడూ కూలీయే. ఇంట్లో పుట్టి ఇంట్లో ఉండి కూలి లెక్క రాసుకున్నవాడు. మన సంఘాల్లో ముందు బెంచీల్లో ఉండేది మనం ఎక్కువగా ఈ పెద్దోళ్ళమే.

కూలి అంటే గుర్తొచ్చింది, మత్తయి 20లో ద్రాక్షతోట కథ. ఆ కథ నాకు చాలా ఏళ్ళు నచ్చేది కాదు, పొద్దున్నుంచి ఎండలో చేసినవాడికీ సాయంత్రం ఐదింటికొచ్చినవాడికీ ఒకే దేనారం ఏంటి, ఏ యూనియన్ ఒప్పుకుంటుంది. మేం ఉండే ఏరియాలో కూలీల అడ్డా ఒకటుంది, పొద్దున ఆరున్నరకల్లా రెండొందల మంది ఉంటారు, మేస్త్రీలు వచ్చి ఏరుకుంటారు, ముందు కుర్రాళ్ళు పోతారు, తర్వాత జంటలు పోతారు, పదింటికి మిగిలేది ముసలాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, కాలు సరిగ్గా లేనివాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం కూడా ఒక ముసలాయన టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని అక్కడే కూచునుండటం చూశా. అప్పుడు వెలిగింది నాకు. ఐదింటిదాకా అడ్డా మీద ఉన్నవాడు సోమరిపోతు కాదు, సోమరిపోతు ఎప్పుడో ఇంటికెళ్ళిపోతాడు. ఎవరూ పెట్టుకోలేదయ్యా అని వాళ్ళే చెప్తారు కథలో. దేనారం అంటే ఒక రోజు కూలి, ఒక ఇంటికి ఒక రోజు తిండి. గంట పనికి గంట కూలి ఇస్తే లెక్క కరెక్టే, పిల్లలు పస్తుంటారు. యజమాని ఎవరి కూలీ తగ్గించలేదు, పొద్దున్నోళ్ళకి మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే ఇచ్చాడు. వాళ్ళ ఏడుపంతా పక్కోడికి వచ్చినదాని మీద. అంటే ఆ కథ నాకెందుకు నచ్చలేదంటే నేను పొద్దున్నే వచ్చినవాణ్ణని అనుకున్నా కాబట్టి. 62,000 తర్వాత నేను ఎన్నింటికి వచ్చినవాణ్ణో నాకు తెలిసింది.

ఇక్కడ కొంచెం కఠినంగా ఒకటి అనాలి. మనం "దేవుని కృప" అనే మాటని అదృష్టం అనే అర్థంలో వాడేస్తున్నాం. 2021లో సెకండ్ వేవ్ తగ్గాక మళ్ళీ ఆరాధనలు మొదలైనప్పుడు ఒకాయన లేచి, దేవుడు మాపై కృప చూపించాడు మా ఇంట్లో పదకొండు మందిలో ఎవరికీ ఏమీ కాలేదు అని సాక్ష్యం చెప్పాడు. ఆయన వెనక రెండో వరసలో మా సంఘంలోనే భర్త పోయి నలభై రోజులైన ఒక చెల్లెలు కూచుంది. హల్లెలూయ అన్నారంతా, నేనూ అన్నా, అనేసి ఆమె వైపు చూసి నాలుక కరుచుకున్నా. మరి ఆమె మీద కృప లేదా? ప్రాణం నిలవడం, వీసా రావడం, ప్రమోషన్ రావడం, వీటికి థాంక్స్ చెప్పుకోండి, తప్పకుండా చెప్పుకోండి, కానీ అవే కృప అయితే అవి రానివాడికి దేవుడు ముఖం చాటేసినట్టేనా. అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లులా ఉన్న బాధని తియ్యమని దేవుణ్ణి మూడుసార్లు అడిగాడు, తియ్యలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. అడిగింది దక్కని చోట వచ్చిన మాట అది. దాన్ని మనం కొత్త కారు వెనక అద్దం మీద స్టిక్కర్ చేశాం.

ఇంకో వైపు నుంచి వచ్చే ప్రశ్న కూడా ఉంది, న్యాయమైనదే. ఇలా ఊరికే వదిలేస్తే జనం చెడిపోరా? పౌలు కాలంలోనే అడిగారు దీన్ని, కృప ఎక్కువ అవ్వాలని పాపంలోనే ఉండిపోదామా అని, రోమా పత్రిక ఆరో అధ్యాయం మొదలే అది. నా జవాబు నా అనుభవంలోంచే. అంకుల్ నన్ను ఊరికే వదిలెయ్యలేదు. డబ్బు ఊరికే ఇచ్చారు, అబద్ధం మాత్రం ఉంచనివ్వలేదు. తాళం నా చేతిలోంచి తీసేశారు, పాస్టర్ గారికి నువ్వే చెప్పు అన్నారు. డబ్బు కట్టేయడానికి ఇవి షరతులు కావు, డబ్బు అప్పటికే బ్యాంకులో ఉంది. నేను చెప్పకపోయినా వెనక్కి తీసుకునేది లేదు. కట్టేసిన తర్వాత చెప్పిన మాటలు కాబట్టే ఐదు నెలలకైనా నేను చెప్పగలిగా, ముందే చెప్పుంటే నేను బేరమాడేవాణ్ణి. తీతు పత్రికలో కృప మనకి బోధిస్తుంది అని ఉంటుంది, కృప మాస్టారెలా అవుతుందబ్బా అని ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.

అలాగే ఆయన ఇచ్చింది ఆయన జేబులోంచి. ఇది మర్చిపోకూడదు. సంఘం డబ్బు పోతే పోయిందిలే అని సంఘం తరఫున ఆయన క్షమించెయ్యలేదు, నష్టం తన మీద వేసుకున్నారు. చాలా రోజుల తర్వాత వాళ్ళావిడ మాటల్లో తెలిసింది, ఆ ఏడు కంటి శుక్లాల ఆపరేషన్ ఆర్నెల్లు వెనక్కి జరుపుకున్నారని. తీసుకునేవాడికి ఉచితం, ఇచ్చేవాడికి కాదు. సిలువ గురించి చిన్నప్పట్నుంచీ విన్నదే, కానీ ఆ రోజు కళ్ళద్దాల్లోంచి పాటల పుస్తకాన్ని మొహానికి ఆనించుకుని చదువుతున్న ఆయన్ని చూస్తే మొదటిసారి కడుపులో తిప్పింది. అందుకే తాగొచ్చి కొట్టే భర్తని కృప చూపించి భరించమ్మా అని ఆడపిల్లలకి చెప్పే పెద్దమనుషులంటే నాకు ఒళ్ళు మండుతుంది. పక్కోళ్ళ ఒంటి మీద నుంచి తీసి ఇచ్చేది కృప ఎలా అవుతుంది, నీ జేబులోంచి ఏం తీశావు నువ్వు?

మా ఆఫీసులో ఒక వైష్ణవుల మాస్టారు ఉండేవారు, ఆడిట్ సెక్షన్. ఒకసారి లంచ్‌లో కృప గురించి మాటొచ్చి ఆయన పిల్లి కూన, కోతి పిల్ల సంగతి చెప్పారు. కోతి పిల్ల తల్లి పొట్టని తనే గట్టిగా పట్టుకుంటుంది, పిల్లి కూనని తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది, దేవుడు మనిషిని ఎలా దాటిస్తాడన్న దాని మీద శ్రీవైష్ణవుల్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయట. వాళ్ళదీ మనదీ ఒకటే అని నేననను, కాదు కూడా, కానీ నాకు నవ్వొచ్చింది, మన ఆదివారం సాయంత్రం బైబిల్ స్టడీలో జరిగే పోట్లాట కూడా ఇదే కదా అని. నా మటుకు నేను పిల్లి కూననే. కాకపోతే తల్లి నోట్లో ఉండి కూడా నేనే నడుస్తున్నానని గాల్లో కాళ్ళాడించే రకం.

మరి కృతజ్ఞత ఎక్కడ? తిరిగి ఇవ్వడం కృతజ్ఞత కాకపోతే ఇంకేంటి? ఆ మాటనే విడగొట్టి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. చేసింది తెలిసినవాడు కృతజ్ఞుడు, అంతే, అందులో తీర్చడం అనే ముక్క లేనేలేదు. కృతఘ్నుడు అంటే చేసినదాన్ని చంపేసేవాడు. ఆ లెక్కన చేసిన మేలుని కిస్తీలు కట్టి అప్పుగా మార్చేసినవాడు కూడా ఒకరకంగా దాన్ని చంపేసినట్టే. గ్రీకులో అయితే కృపకీ, కృతజ్ఞతకీ ఒకటే మాట, ఖారిస్, పౌలు రెండు అర్థాల్లోనూ వాడతాడు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడతారు, ఒక్కడే తిరిగొస్తాడు, వాడు తెచ్చిందేంటి, ఏమీ లేదు. పెద్ద గొంతుతో అరుచుకుంటూ వచ్చి కాళ్ళ మీద పడ్డాడు.

పని చెయ్యొద్దని కాదు. పౌలు నేనేమై ఉన్నానో అది దేవుని కృప వల్లనే అంటూనే అందరికంటే ఎక్కువ కష్టపడ్డానని అదే వచనంలో అంటాడు. బాకీ ఉన్నవాడు చేసే పనికీ, కడుపు నిండినవాడు చేసే పనికీ తేడా చేసేవాడికి తెలుస్తుంది, బయటివాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి. నేను గ్యాస్ బండ తర్వాత కూడా మోశా. భుజం నొప్పి మాత్రం అంతే ఉంది.

మా ఆవిడది గుంటూరు వైపు, లూథరన్ కుటుంబం, 1842లో మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ ఉన్న మిషన్ మాది అని నన్ను ఏడిపిస్తుంటుంది. ఆ లూథరన్ల పేరుకి మూలమైన మార్టిన్ లూథర్ 1546లో చనిపోయాక ఆయన దగ్గర ఒక కాగితం ముక్క దొరికింది, ఆఖరిగా రాసుకున్నది, దాంట్లో చివరి మాటలు, మనం బిచ్చగాళ్ళం, ఇది నిజం. అన్ని పుస్తకాలు రాసి, బైబిల్‌నే జర్మన్‌లోకి తెచ్చినవాడు చివరికి రాసుకున్నది అది. బిచ్చగాడు అనే మాట మనకి తిట్టు, అందులోనూ మావాళ్ళకి ఎంత చేదో పైన చెప్పా. అయినా ఆ మాటకి అలవాటు పడటానికి ప్రయత్నిస్తున్నా.

2015లో, వేసవికాలం, చివరికి చీటీ ఎత్తాను. 20,000 కవర్లో పెట్టుకుని మిగతాది మూడు విడతల్లో అని మనసులో లెక్కేసుకుని అంకుల్ ఇంటికెళ్ళా. మధ్యాహ్నం ఒంటిగంట. కవర్ చేతికిచ్చా.

"ఏంటిది?"

"మీ బాకీ అంకుల్."

"నేను నీకు అప్పెప్పుడిచ్చానయ్యా? అప్పయితే నోటు రాయించుకుని వడ్డీ అడగనూ" అని నవ్వారు. నేను నవ్వలేదు. తీసుకోండి అంకుల్ నాకు మనశ్శాంతి లేదు అన్నా. ఆయన కవర్ తెరవలేదు, నా చొక్కా జేబులోనే పెట్టేశారు మళ్ళీ, పెట్టి, "ఇది నేను తీసుకుంటే అప్పుడు నేనిచ్చింది ఏదీ లేనట్టే కదయ్యా, అది కూడా లాక్కుంటావా నా దగ్గర్నుంచి" అన్నారు. నాకు మాట రాలేదు. వెళ్ళొస్తా అని లేచా. ఆయన వంటింటి వైపు తిరిగి ఇంకో కంచం పెట్టమన్నారు.

వద్దంకుల్ ఇప్పుడే తినొచ్చా అన్నా. తినలేదు. మన తెలుగోళ్ళం మూడుసార్లు వద్దనాలి కదా, మొహమాటం, ఇంకో భాషలో ఈ మాటకి సరైన మాట ఉందో లేదో. రెండోసారీ వద్దన్నా. మూడోసారి అనేలోపు ఆంటీ కంచం పెట్టేశారు, చేపల పులుసు, ముందు రోజుది, మామిడికాయ వేసి చేసింది. చేతులు కడుక్కుని కూచున్నా. మొదటి ముద్ద గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది, ఆ 62,000 తర్వాత ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు నేను. ఆయన ఏమీ మాట్లాడకుండా ముల్లు తీసుకుంటూ తింటున్నారు, శుక్లాలు ఉన్న కళ్ళతో ముల్లు కనపడక వేళ్ళతో తడిమి తీస్తున్నారు. కంచం సగమయ్యాక ఆంటీ గరిటె పట్టుకుని వచ్చారు. "మొహమాటపడకు బాబూ, ఇంకో ముక్క ఉంది."

కంచం ముందుకి జరిపా.